ఎవరిది తగిలింది?

ద్వాలి కాపురంలో చిచ్చు పెట్టింది నేనే. చేతబడి చేసి కాదు, చాడీలు చెప్పీ కాదు. సర్కారు ఇచ్చిన రిజిస్టర్లో ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట రాశాను. రాసిన మాటలో తప్పు లేదు. ఈనాటికీ ఎవరైనా ఆ రిజిస్టరు తెచ్చి నా ముందు పెడితే, అవును, ఈ రాత నాదేనని ఒప్పుకుంటాను. తప్పంతా రాసిన తర్వాత నోరు తెరవడంలో ఉంది.

నా పేరు రాఘవమ్మ. మాది పెనుబల్లి దగ్గర పల్లెటూరు. ములకలపల్లి దాటాక, అడవి అంచున ఉన్న ఒక చిన్న దవాఖానాలో పదకొండేళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. ఏ ఊరో చెప్పను. ఇప్పుడు అక్కడ పనిచేసే పిల్లలకు నా మూలంగా మాట రాకూడదు. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కిటికీ, ఒక మైక్రోస్కోపు, ఎలుకలు కొరికిన బల్ల. వానాకాలం వచ్చిందంటే రోజుకు నలభై మంది జ్వరంతో వచ్చి ఆ కిటికీ ముందు వరస కట్టేవారు. జనం నన్ను ‘రక్తం మేడం’ అనేవారు. నాకు కోపం ఎక్కువ, గొంతు పెద్దది. ఎవరైనా తోసుకుంటే వరసలో ఆఖరి మనిషికి కూడా వినపడేలా తిట్టేదాన్ని. ఆ గొంతంటే నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ద్వాలి పుట్టింది కారేపల్లి దగ్గర ఒక తండాలో. హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివింది. పుట్టు పిరికిది. చిన్నప్పుడు రైలు కూత పెడితే తల్లి కొంగులో దూరేదట. బల్లి కనపడితే ఆ గదిలోకి మళ్ళీ పోయేది కాదట. పద్దెనిమిదేళ్ళకు మా దవాఖానాకు రెండు మైళ్ళ దూరంలోని తండాలో జైరాంకు ఇచ్చి పెళ్ళి చేశారు. జైరాం జామాయిలు కర్ర తోలే లారీకి డ్రైవరు. సౌమ్యుడు. పాల్వంచ మీదుగా వస్తే పెళ్ళానికి జిలేబీ తెచ్చేవాడు. ద్వాలి ఆ పొట్లం విప్పుతూ కూడా రోడ్డు మీద లారీ ఎక్కడైనా బోల్తా కొడుతుందేమోనని అతణ్ణే చూస్తూ కూర్చునేదని వాళ్ళ అత్త బాలి నవ్వుతూ చెప్పేది. బాలి చెడ్డ మనిషేమీ కాదు. మనవణ్ణి ఎత్తుకోవాలన్న ఆశ తప్ప ఆవిడకు వేరే ఆశ లేదు.

ఆ ఆశ రెండుసార్లు విరిగింది. మొదటి కాన్పు ఐదో నెలలో పోయింది. రెండోది ఆరో నెలలో, కడుపులోనే కదలడం మానేసింది. రెండుసార్లూ తండాలో ఆడవాళ్ళు అడిగిన మాట ఒక్కటే: “ఎవరిది తగిలింది?” ఆ వైపు ఎవరికి జబ్బు చేసినా ఏమైందని అడగరు. ఎవరిది తగిలిందని అడుగుతారు. ఎవరి కన్నో, ఎవరి గాలో, చచ్చిపోయిన ఏ మేనత్తదో. జబ్బు దానంతట అది రాదు, ఎవరి దగ్గర నుంచో రావాలి. ఆ మాట విని దవాఖానాలో మేము టీ తాగుతూ నవ్వుకునేవాళ్ళం.

రెండో బిడ్డ పోయాక ద్వాలికి ఒళ్ళు సరిగా ఉండేది కాదు. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోతకు పోతే ముక్కుకు రెండు పక్కలా చెంపలు ఎర్రగా కందిపోయేవి. “మొగుడు లారీల పౌడర్ తెచ్చిండే” అని తోటి ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. జుట్టు పాయలు పాయలుగా ఊడేది. వేళ్ళు వాచి ఆకు కట్ట కట్టలేకపోతే పక్కనున్న ముత్తక్క అనే కోయ ఆవిడ తన కట్టలతో పాటు ద్వాలివీ కట్టి పెట్టేది. జ్వరం వస్తే నా కిటికీ దగ్గరికి వచ్చేది. వేలు పొడిచి స్లైడు తీసేదాన్ని. మలేరియా ఎప్పుడూ లేదు. అయినా అందరికీ ఇచ్చినట్టే ఆ మాత్రలు ఇచ్చేవాళ్ళం, వేసుకున్నాక నాలుగు రోజులు హాయిగా ఉందనేది. సూది చూడలేక మొహం అటు తిప్పుకుని, చెయ్యి మాత్రం నాకు ఇచ్చేది. అంత పిరికి పిల్ల చెయ్యి అంత నమ్మకంగా నా చేతిలో ఉండడం నాకు ముద్దుగా అనిపించేది.

2005 ఏప్రిల్‌లో మళ్ళీ నెల తప్పింది. జూన్‌లో, మూడో నెల నడుస్తుండగా జైరాం, బాలి ఇద్దరూ దాన్ని వెంటబెట్టుకుని వచ్చారు. గర్భిణులకు చేసే పరీక్షలన్నీ చేశాను. అందులో వీడీఆర్ఎల్ అనే పరీక్ష ఒకటి. సుఖవ్యాధి ఉందేమో చూసేది. తెల్ల కార్డు మీద రక్తపు నీరు ఒక చుక్క, మందు ఒక చుక్క వేసి తిప్పుతాం. జబ్బు లేకపోతే బూడిద రంగులో సాఫీగా ఉంటుంది. ఉంటే నల్లటి రేణువులు గుంపు కడతాయి. అంతకు ముందు రెండు కాన్పుల్లో మా దగ్గర ఆ మందు లేదు, చెయ్యలేదు. ఈసారి ఉంది. చేశాను. నల్లటి రేణువులు గుంపు కట్టాయి.

మళ్ళీ చేశాను. మళ్ళీ కట్టాయి. రిజిస్టర్లో ‘రియాక్టివ్’ అని రాశాను, అంటే పాజిటివ్. ఆ వెంటనే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లారీ డ్రైవర్లంటే ఆ రోజుల్లో ఊరూరా గోడల మీద ఒకటే రాతలు కదా, రోగాలు తెచ్చి పెళ్ళాలకు అంటిస్తారని. నా బుర్రలో ఆ గోడ తప్ప ఇంకేమీ లేదు. కిటికీలోంచి తల బయట పెట్టి కేక వేశాను.

“ఏమయ్యా జైరాం! రోడ్డు మీద తిరిగి సుఖరోగం తగిలించుకొచ్చి అమాయకపు పిల్లకు అంటిస్తావా? రెండు కడుపులు పోయింది అందుకేనయ్యా!”

వరసలో ఇరవై మంది ఉన్నారు. జైరాం మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఏంది మేడం గట్లంటవ్? నేను ఎన్నడు తప్పు పని జెయ్యలే. మా దేవుడు సేవాభాయా మీద ఒట్టు. నా రక్తం గూడ సూడు.”

“చూస్తానయ్యా, ఎందుకు చూడను?” అని అప్పటికప్పుడు అతని రక్తం తీశాను. కార్డు తిప్పాను. బూడిద రంగు. సాఫీగా ఉంది. రెండోసారీ అంతే.

అక్కడైనా ఊరుకుంటే బాగుండేది. తప్పు మోపినందుకు సర్దిచెప్పుకోవాలన్న తొందరలో, అదే గొంతుతో, “నీకైతే లేదయ్యా” అన్నాను. నీకైతే. ఆ ‘అయితే’ ఎంత పని చేసిందో చూడండి. వరసలో గుసగుసలు ఆగిపోయాయి. బాలి కోడలి వైపు మెల్లగా తిరిగింది.

“మా పోరనికి లేదట. మరి దీనికెక్కడిది?”

ఎవరిది తగిలిందని తండా వాళ్ళు అడిగితే నవ్విన దాన్ని, చదువుకున్న దాన్ని, సర్కారు జీతం తీసుకునే దాన్ని, అదే ప్రశ్న నేనే వాళ్ళ చేతికి ఇచ్చాను.

మా డాక్టరు రిజిస్టరు చూసి పెన్సిలిన్ ఇంజెక్షన్లు రాశారు, వారానికి ఒకటి చొప్పున మూడు. మొదటిదానికి జైరాం తోడు వచ్చాడు. రెండోదానికి ద్వాలి ఒక్కతే నడిచి వచ్చింది. అప్పటికే తండాలో కబురు చుట్టేసింది. ఇంటి వెనక మేకల కొట్టంలో దానికి వేరే మంచం వేశారు. కంచం వేరు, చెంబు వేరు. బోరింగు దగ్గర అది కొట్టిన తర్వాత చెయ్యి కడిగిగానీ వేరే వాళ్ళు పిడి పట్టుకోవడం లేదు. జైరాం కిరాయిల మీద కిరాయిలు ఒప్పుకుని ఇంటికి రావడం మానేశాడు. ఈ బిడ్డ గురించి తండా నాయక్ బిచ్యా పంచాయితీ పెడతానన్నాడట. ఎవరిదో తేలాకే ద్వాలి ఉండేదా పోయేదా చెబుతారట.

మూడో ఇంజెక్షన్ రోజు అందరూ వెళ్ళిపోయేదాకా గోడ పక్కన కూర్చుంది. తర్వాత లోపలికొచ్చి నా బల్ల అంచు పట్టుకుంది.

“అక్కా, ఒక్కటి అడుగుత. తిట్టకు.”

“అడుగు.”

“కలల ఎవరన్న వస్తే గూడ గది తగుల్తదా?”

నాకు ముందు అర్థం కాలేదు. “ఎవరొచ్చారే?”

“హాస్టల్ల సదివినప్పుడు లెక్కల సారు ఉండె. పెండ్లయినంక ఒక్కపాలి కలలకొచ్చిండు. నన్ను జూసి నవ్విండు. గంతే. ఇంకేం లేదక్కా. గాయనది గాకుంటే ఇంకెవరిదో నాకు తెల్వట్లే. రోజు ఎతుక్కుంటున్న. చిన్నప్పటి సంది అందర్ని ఎతికిన.”

ఏ పాపం ఎరగని పిల్ల, నేను రాసిన మాటను నమ్మి, తప్పు తనదేనని ఒప్పుకుని, ఆ తప్పు ఎక్కడ చేసిందో తెలియక నిద్రలోకి కూడా వెళ్ళి వెతుక్కుంటోంది. “కలలో వస్తే ఏమీ కాదే పిచ్చిదానా” అన్నాను. అన్నానే గానీ నా గొంతు నాకే నమ్మకంగా వినపడలేదు. దాని పొట్ట అప్పటికి కొద్దిగా ఎత్తుగా కనపడుతోంది. “గీ బిడ్డ గూడ పోతదా?” అని అడిగింది. తెలియదన్నాను. ఆ తెలియదన్న మాట ఒక్కటే నేను ఆ నెలలో చెప్పిన నిజం.

ఇంజెక్షన్లు అయ్యాక మళ్ళీ పరీక్ష చేశాను. నల్ల రేణువులు అలాగే గుంపు కట్టాయి. అప్పుడు నాకు భయం పట్టుకుంది. జబ్బు మొండిదనా? లేక ఇంకేదైనానా? దాని వాచిన వేళ్ళు, కందిన చెంపలు, ఊడిన జుట్టు ఇన్నాళ్ళూ నా కిటికీ ముందే ఉన్నాయి. నేను వేలి చివర మాత్రమే చూశాను.

మూడు నెలలకోసారి మా స్లైడులు ఖమ్మంలో పెద్ద ల్యాబుకు పట్టుకెళ్ళి సరిచూపించుకోవాలి. జులైలో వెళ్ళినప్పుడు ఐసు పోసిన ఫ్లాస్కులో ద్వాలి రక్తం కూడా పట్టుకెళ్ళాను. అక్కడ రిటైరవడానికి దగ్గర పడ్డ ఒక డాక్టరమ్మ ఉండేది. తక్కువ మాట్లాడే మనిషి. నా కథంతా విని మూడు ప్రశ్నలు అడిగింది. కీళ్ళ నొప్పులున్నాయా? ఎండకు మొహం కందుతుందా? గర్భాలు ఎన్నో నెలలో పోయాయి? చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“రాఘవమ్మా, వీడీఆర్ఎల్ క్రిమిని పట్టుకుంటుందని ఎవరు చెప్పారు నీకు?”

జవాబు ఆవిడే చెప్పింది.

“క్రిమి వచ్చినప్పుడు ఒంట్లో పుట్టే యాంటీబాడీని పట్టుకుంటుంది. యాంటీబాడీ అంటే ఒంటికి కాపలాదారు. కొందరి ఒంట్లో ఏ దొంగా రాకుండానే కాపలాదారు మతి తప్పి ఇంట్లో వాళ్ళనే కొడుతుంటాడు. ఆ కాపలాదారు కూడా నీ కార్డు మీద నల్లగానే కనపడతాడు.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఇది నేను చదివాను. ట్రైనింగులో, పరీక్షకు ముందు, రెండు మార్కుల ప్రశ్నకు బట్టీ పట్టాను. రోగం లేకపోయినా పాజిటివ్ రావడానికి కారణాలు రాయుము అని. మార్కులు వచ్చాయి, మర్చిపోయాను.

ఆవిడ ఆ రోజే క్రిమి ఆనవాలును సూటిగా చూసే ఇంకో పరీక్ష చేసింది. నెగెటివ్. “ఆ రోగం ఈ అమ్మాయి ఒంట్లోకి ఎప్పుడూ రాలేదు” అంది. మిగిలిన రక్తాన్ని హైదరాబాదు పంపించింది. అక్కడ చీకటి గదిలో మైక్రోస్కోపు కింద చూస్తారట. ఒంటి మీదకే తిరగబడ్డ యాంటీబాడీలుంటే కణాల మీద పచ్చగా వెలుగుతాయట. దాన్ని ఏఎన్ఏ పరీక్ష అంటారని, దానితో పాటు నెత్తురు గడ్డ కట్టించే యాంటీబాడీల పరీక్ష కూడా చెయ్యమన్నానని చెప్పింది.

పది రోజులు. రిపోర్టు రావడానికి అంత పట్టింది. ద్వాలికి నాలుగో నెల దాటుతోంది. మొదటి బిడ్డ పోయింది ఐదో నెలలో. ఒకవైపు నెల దగ్గర పడుతోంది, ఇంకోవైపు బిచ్యా పంచాయితీ దగ్గర పడుతోంది. దవాఖానా ముందు ఆటో ఆగితే చాలు, ద్వాలిని మోసుకొచ్చారేమోనని కిటికీలోంచి తొంగి చూసేదాన్ని.

రిపోర్టు వచ్చింది. రెండూ పాజిటివే. ఆ మతి తప్పిన కాపలాదారు జబ్బును లూపస్ అన్నారు. నెత్తురు చిన్న చిన్న గడ్డలు కట్టి, కడుపులో బిడ్డను పోషించే మాయకు దారి మూసేస్తోందట, అందుకే బిడ్డలు పోయాయట. ఇక ప్రతిరోజూ పొట్ట చర్మానికి ఇంజెక్షన్ వేసుకోవాలి. నెత్తురు పల్చబరిచే చిన్న మాత్ర ఒకటి. ఇంకో మాత్ర చూసి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు, అది మలేరియా మాత్రకు చెల్లెలి వరస. జ్వరానికని మేము తోచక ఇచ్చిన మాత్రలతో ద్వాలికి నాలుగు రోజులు ఎందుకు హాయిగా ఉండేదో అప్పుడు తెలిసింది.

ఆ కాగితం పట్టుకుని సరాసరి తండాకు వెళ్ళాను. బిచ్యా ఇంటి ముందు జనం చేరారు. జైరాం కూడా ఆ రోజు ఉన్నాడు, తల వంచుకుని. ద్వాలి దూరంగా కొట్టం గుంజ పట్టుకుని నిలబడింది. అందరి ముందూ చెప్పాను. తప్పు నాదని, దానికి ఆ రోగం లేదని, ఎప్పుడూ రాలేదని. చెప్పడానికి సిగ్గు పడలేదు. నా గొంతు ఎంత దూరం వినపడిందో అంత దూరం ఇదీ వినపడాలని అరిచి చెప్పాను.

బిచ్యా పెద్దమనిషి. అంతా ఓపిగ్గా విన్నాడు.

“గట్లయితే అమ్మా, మొదటి కాయితం తప్పా?”

నేను అవును అంటే సరిపోయేది. ఆ ఒక్క రోజు అబద్ధం ఆడినా ఏ దేవుడూ కోప్పడేవాడు కాదు. కానీ చదువు బుద్ధి ఎక్కడ పోతుంది?

“తప్పు కాదు నాయక్. దానిలో పాజిటివ్ వచ్చింది నిజమే.”

“మరి గీ కాయితంల?”

“దీనిలోనూ పాజిటివే. కానీ ఇది వేరే పాజిటివ్. ఎవరి నుంచీ వచ్చింది కాదు. దాని ఒళ్ళే దాని మీద తిరగబడింది.”

బాలి ముందుకు వచ్చింది. “ఎవరిది తగలకుంట రోగం ఎట్లొస్తదమ్మా? ఎవ్వరన్న పెడితెనే గదా ఉంటది.”

డాక్టరమ్మను అంతకుముందే నేనూ అదే అడిగితే ఆవిడా ఎందుకొస్తుందో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదంది. చివరికి జైరామే లేచాడు. “మేడం ఖమ్మం బోవాలంటుంది గదా, తోల్కపోత” అన్నాడు. పంచాయితీ అక్కడికి ఆగింది. తేలలేదు, ఆగింది.

ఇంజెక్షన్లు ఖమ్మం దవాఖానా వాళ్ళే ఇచ్చారు. మొదటి వారం మా నర్సు వేసింది. రోజూ రెండు మైళ్ళు నడిచి రావద్దని, తనకు తాను వేసుకోవడం నేర్పింది. సూది చూడలేక మొహం తిప్పుకునే పిల్ల తన పొట్ట తనే పట్టుకుని పొడుచుకోవడం నేను చూడలేకపోయాను. వేసుకున్న ప్రతి చోటా నల్లగా కమిలిపోయేది. “నొప్పి లేస్తుందా?” అంటే, “నొప్పి గాదక్కా, లోపట కదుల్తలేదనుకుంటే సచ్చినంత పనైతుంది” అనేది. కదలకపోతే నడిచి వచ్చేసేది. వానలో, బురదలో, ఎన్నిసార్లో. నర్సు గొట్టం పెట్టి విని ఉందని చెబితే లేచి వెళ్ళేది. ఐదో నెల వెళ్ళింది. ఆరో నెల వెళ్ళింది. ఏడో నెలలో కాళ్ళు వాచి, బీపీ పెరిగి ఖమ్మంలో వారం రోజులు ఉంది. కొట్టంలోంచి దాని మంచం ఇంట్లోకి ఎప్పుడు మారిందో నాకు తెలియదు. మారిందని మాత్రం ముత్తక్క చెప్పింది.

నవంబరు నెలాఖరులో, నెలలు నిండకుండానే ఆపరేషన్ చేశారు. మగపిల్లాడు. రెండు కిలోలకు తక్కువ. ఏడ్చాడు. జైరాం ఖమ్మం నుంచి మా దవాఖానాకు ఫోను చేసి మాట్లాడలేక రిసీవరు అక్కడి నర్సుకు ఇచ్చేశాడు. నేను ల్యాబు తలుపు వేసుకుని తనివితీరా ఏడ్చాను. ఇక అన్నీ అయిపోయాయనుకున్నాను.

జనవరి మొదటి వారంలో పిల్లాడికి టీకా వేయించడానికి ముగ్గురూ వచ్చారు. పిల్లాడు గుప్పెడంత ఉన్నాడు, తెల్లగా. జైరాందేమో కారు నలుపు. ద్వాలి చామనచాయ. నర్సు టీకా సిద్ధం చేస్తుంటే ద్వాలి వరండాలో కూర్చుని పాలిస్తోంది. జైరాం నా కిటికీ దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“మేడం, ఒక్కటి అడుగుత. ఏమనుకోకు.”

“అడుగయ్యా.”

“పోరని రక్తం సూస్తే... గది నా రక్తమో కాదో తెలుస్తదా?”

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. ద్వేషం లేదు, కుళ్ళు లేదు. ఉన్నదల్లా భయం. ఆ నల్ల రేణువులు అతని నెత్తురులో ఎక్కడో ఇంకా గుంపు కట్టే ఉన్నాయి. చెంప పగలగొట్టాలని చెయ్యి లేచింది నాకు. లేచిన చెయ్యి ఆగిపోయింది. రక్తంలో మనిషి శీలం కనపడుతుందని అతనికి నేర్పింది ఎవరు? ఇదే కిటికీలోంచి తల బయట పెట్టి, ఇరవై మంది ముందు నేర్పింది నేనే.

“అట్లాంటి పరీక్ష నా దగ్గర లేదు” అన్నాను. ఎంత చిన్న గొంతుతో అన్నానో నాకే సరిగా వినపడలేదు. ద్వాలికి వినపడింది. నేను తల ఎత్తేసరికి అతని వెనకే నిలబడి ఉంది, పిల్లాణ్ణి భుజాన వేసుకుని.

అది ఏడుస్తుందనుకున్నాను. వణుకుతుందనుకున్నాను. మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

“ఉన్నా నేనియ్య. నా రక్తం అందరు సూసిండ్రు. గీనిది ఎవ్వర్ని ముట్టనియ్య.”

“ద్వాలీ, నేను గట్లనలే...”

“నువ్వు ఎట్లన్న అను. నాకు ఇగ భయమైతలేదు.”

టీకా వేయించుకుంది. మాత్రల చీటీ బొడ్లో దోపుకుంది. దవాఖానా ముందు కొత్తగూడెం బస్సు ఆగితే ఎక్కింది. కొత్తగూడెంలో రైలు పట్టుకుంటే కారేపల్లి, తల్లి ఉండే తండా. జైరాం బస్సు మెట్టు దాకా వెళ్ళి, ఎక్కమంటుందేమోనని చూస్తూ నిలబడ్డాడు. అది అనలేదు. బస్సు కదిలింది. ఆ మాత్రలు ఒక్క పూట కూడా ఆపకూడదని, ఆపితే లోపల ఏ అవయవం మీదికి తిరగబడుతుందో ఎవరికీ తెలియదని గుర్తొచ్చింది. బస్సు వెనక పరిగెత్తాను. కిటికీ చువ్వలు పట్టుకుని, “మాత్ర ఆపొద్దే ద్వాలీ, ఒంట్లో బాగానే ఉన్నా ఆపొద్దు” అని అరిచాను.

“ఆప అక్కా” అంది. నా వైపు చూడకుండా, పిల్లాడి మొహం నా గొంతు వినపడని వైపుకు తిప్పి పట్టుకుంది.